ఒక గొడవ కావలెను

నాలుగో ప్రశ్న దగ్గర మా అమ్మాయి ఆగిపోయింది. ల్యాప్‌టాప్ పక్కకు జరిపి, నేను మడతపెడుతున్న దుప్పటి రెండో కొస అందుకుని, "అమ్మా, మనింట్లో ఎప్పుడైనా గొడవ జరిగిందా?" అని అడిగింది.

"ఎలాంటి గొడవ?"

"ఎలాంటిదైనా సరే. ఇద్దరు పోట్లాడుకుని ఉండాలి. నేను మధ్యలోకి వెళ్లి సర్దిచెప్పి ఉండాలి. కాస్త గుర్తుచేసుకో."

దుప్పటి కొసలు కలుపుతూ గుర్తుచేసుకున్నాను. "ఆమధ్య మన గేటు ముందు పాలతనికీ పేపరతనికీ సైకిళ్లు గుద్దుకున్నాయి కదా."

"అప్పుడు నేను నిద్రపోతున్నానమ్మా."

మా అమ్మాయి నర్సింగ్ మూడో సంవత్సరం చదువుతోంది. మా పెద్దాసుపత్రి వాళ్లు ఏటా సెలవుల్లో కొద్దిమంది విద్యార్థులను ఎక్స్‌టర్న్‌షిప్ పేరుతో తీసుకుంటారు. అంటే నర్సుల వెనకాలే తిరుగుతూ, పట్టుకోమన్నది పట్టుకుని, చూడమన్నది చూసి, తుడవమన్నది తుడిచి పని నేర్చుకోవడం. ఆ మాత్రానికే అన్ని కాలేజీల పిల్లలూ ఎగబడతారు. అందులోనూ పసిపిల్లల వార్డుకు తీసుకునేది ఒక్కరినే. మా అమ్మాయికి కావలసింది ఆ ఒక్క చోటే. మొదటి ఏడాది వీళ్లను ఆ వార్డు చూపించడానికి తీసుకెళ్లారట. గాజుపెట్టెలో గుప్పెడంత పిల్ల, నెత్తిన టోపీ, పెట్టెకున్న కంతల్లోంచి చేతులు పెట్టి ఒక నర్సు ఆ పిల్లకు గుడ్డ మారుస్తోందట. పిల్ల నిద్ర లేవలేదట. ఆ రోజు నుంచి ఈమె మా ఇంట్లో తలుపు కూడా చప్పుడు కాకుండా వేస్తుంది.

పోయిన ఏడు దరఖాస్తు పెట్టింది. "ఇద్దరి మధ్య వచ్చిన గొడవను మీరెలా పరిష్కరించారో సొంత అనుభవం నుంచి రాయండి" అన్న నాలుగో ప్రశ్నకు "నాకు అలాంటి అనుభవం లేదు" అని రాసింది. వాళ్లు పిలవలేదు. వచ్చే ఏడు చివరి సంవత్సరం కాబట్టి దరఖాస్తుకు అర్హత ఉండదు. ఉన్నది ఈసారే.

"నా ఫ్రెండుకి ఇద్దరు పెద్దమ్మలున్నారు, ఒకరి మొహం ఒకరు చూసుకోరు" అంది నిట్టూరుస్తూ. "అదృష్టవంతురాలు."

"పోనీ ఏదో ఒకటి కల్పించి రాయకూడదూ?" అన్నాను, అనకూడదని తెలిసే.

"ఇంటర్వ్యూలో అడుగుతారమ్మా. నా చెవుల సంగతి నీకు తెలుసు కదా."

తెలుసు. అబద్ధం చెబితే దాని చెవులు ఎర్రగా కందిపోతాయి. చిన్నప్పుడు ఏం తిన్నావని అడిగి నోరు చూసేవాళ్లం కాదు, జుట్టు పక్కకు తీసి చెవులు చూసేవాళ్లం.

గొడవ లేకపోవడం ఎవరి తప్పూ కాదు. మా ఆయనది కళ్లద్దాల దుకాణం. పొద్దుటినుంచి సాయంత్రం దాకా అద్దం ముందు నిలబడినవాళ్లకు "బాగుంది, మీ మొహానికి సరిపోయింది" అని చెప్పీ చెప్పీ, ఇంటికొచ్చాక ఏదడిగినా బాగుందనే అంటారు. మా అత్తగారు టీవీలో వార్తలు చదివే అమ్మాయితో తప్ప ఎవరితోనూ పోట్లాడరు. మా తమ్ముడు లిఫ్టుల మెకానిక్కు. మా కింది వాటాలో ఒక్కడే ఉంటాడు, భోజనానికి పైకొస్తాడు. పెళ్లి ఊసెత్తితే ఎక్కడో లిఫ్టు ఆగిపోయిందని లేచిపోతాడు. అంతకుమించి ఎవరికీ ఎదురు చెప్పడు. వాడూ మా ఆయనా రోజూ సాయంత్రం చదరంగం ఆడతారు. ఒకరు తప్పుడు ఎత్తు వేస్తే రెండోవారు "పోనీలే, వెనక్కి తీసుకో" అంటారు. వాళ్ల ఆట ఒక్కటైనా పూర్తయితే చూడాలని నాకు చాలాకాలంగా ఉంది.

ఆ సాయంత్రం కూడా ఆట మధ్యలోనే నాలుగో ప్రశ్న సంగతి బయటికొచ్చింది.

"ఓస్, దీనికేనా పిచ్చుకా?" అన్నాడు తమ్ముడు. మా అమ్మాయిని వాడలాగే పిలుస్తాడు. "నేనూ మీ నాన్నా కొట్టుకుంటాం. నువ్వొచ్చి విడిపించు. రాసేయ్."

"అది నాటకం మామయ్యా."

"కొట్టుకోవడం నాటకం. విడిపించడం నిజం."

"వద్దు. నాకు నిజం గొడవే కావాలి. లేకపోతే లేదు" అని లేచి గదిలోకి వెళ్లి, తలుపు చప్పుడు కాకుండా వేసుకుంది.

బావా బావమరుదులిద్దరూ ఒకరి మొహాలు ఒకరు చూసుకుని బాల్కనీలోకి నడిచారు. నేనక్కడ ఆరిన బట్టలు తీస్తున్నాను. నన్ను వాళ్లు లెక్కచేయలేదు.

"దానికి తెలియకుండా కానిచ్చేద్దాం" అన్నారు మా ఆయన. "దేని గురించి పోట్లాడుకుందాం?"

"నువ్వే చెప్పు బావా. పెద్దవాడివి."

"రాజకీయాలు?"

"ఇద్దరం ఒకడికే ఓటేశాం కదా."

"అది బయట అనకు." కాసేపు ఆలోచించారు. "పోనీ మీ అక్క వంట బాగాలేదని నువ్వను. నేను బాగుందంటాను."

"నువ్వను. నేను బాగుందంటాను."

ఇద్దరూ నావైపు చూసి, ఆ ఆలోచన మానుకున్నారు.

"ఇది చూడు బావా" అన్నాడు తమ్ముడు చివరికి. "మెట్ల కింద నిచ్చెనుంది కదా. అది నాదంటే నాదని కొట్టుకుందాం."

"భేష్. చిన్న విషయం. భోజనాల వేళకు తేలిపోతుంది కూడా."

ఇద్దరూ ఒకరి భుజం ఒకరు తట్టి ఎంతో ఉదారంగా నవ్వుకున్నారు. అంత ఉదారంగా ఎందుకు నవ్వుకున్నారో మర్నాటికి గానీ నాకు తెలియలేదు.

ఆ నిచ్చెన గురించి చెప్పాలి. పొడుగాటి చెక్క నిచ్చెన. దాని నిండా ఆకుపచ్చ రంగు చుక్కలు. ఎన్నో ఏళ్లుగా మెట్ల కింద గోడకు ఆనించి ఉంటోంది. ఎవరికి కావాలంటే వాళ్లు తీసుకుని మళ్లీ అక్కడే పెడతారు. ఎవరిదని ఎవరూ ఎప్పుడూ అడగలేదు.

మర్నాడు మా అత్తగారి గదిలో బల్బు కాలిపోయింది. మొదలుపెట్టడానికి అంతకంటే మంచి సందు దొరకదు. మా అమ్మాయి హాల్లో చదువుకుంటోంది. మా ఆయన చదరంగం బల్ల దగ్గర నుంచి లేచి, గోడవైపు చూస్తూ, కంటిపరీక్ష బోర్డు చదివినట్టు ఒక్కో మాటే పలికారు. "ఒరేయ్. అమ్మ గదిలో. బల్బు పోయింది. నా నిచ్చెన. పట్టుకురా."

"నీ నిచ్చెనా?" అన్నాడు తమ్ముడు. వాడు కాస్త నయం. "అది నా నిచ్చెన బావా."

"నాది."

"నాది."

ఆ తర్వాత ఏమనాలో ఇద్దరూ అనుకోలేదు. మా అమ్మాయి తలెత్తింది. చూపులు తమమీద ఉండేసరికి మా ఆయన కంగారుపడి, నోటికొచ్చింది అనేశారు. ఆ నోటికొచ్చింది ఆయన నిజమని నమ్మేది. "దానిమీద రంగు చుక్కలు చూడు. గేటుకు రంగు వేసినప్పుడు నా చేతిమీదుగా పడినవి."

"గేటు నలుపు బావా. చుక్కలు ఆకుపచ్చ. నా కిటికీలకు రంగేసినప్పుడు పడ్డాయి."

"నీ కిటికీలకు రంగెప్పుడేశావు? అవి పుట్టినప్పట్నుంచీ అలాగే ఉన్నాయి."

"వేద్దామని తెచ్చాను కదా. నిచ్చెన అందుకే కొన్నాను."

మా ఆయన గోడవైపు చూడటం మానేశారు. "ఆగు. నువ్వు కొన్నావా?"

"కొనక?"

"ఆ నిచ్చెన నేను దుకాణం బోర్డు కట్టడానికి కొన్నది. నువ్వు ఏళ్ల తరబడి వాడుకుంటుంటే, పోనీలే బామ్మర్దే కదా అని ఊరుకున్నాను."

"నేను ఊరుకున్నాను బావా, అక్క మొగుడివే కదా అని. లిఫ్టులు బాగుచేసేవాడి నిచ్చెన తీసుకెళ్లి నీదంటావా?"

"రోజంతా లిఫ్టులో ఎక్కి దిగేవాడికి నిచ్చెనెందుకురా?"

"కళ్లజోళ్లు అమ్ముకునేవాళ్లకు ఎదుటివాళ్ల సొమ్ము కనపడదేమో" అన్నాడు తమ్ముడు. ఒక్క క్షణం ఆగి, "బావగారూ, మీరు నన్నింత మాటంటారనుకోలేదు" అన్నాడు.

నా చేతిలో గరిటె ఆగిపోయింది. మా పెళ్లైనప్పటి నుంచీ వాడు మా ఆయనను "మీరు" అన్నది లేదు. "గారు" అసలే లేదు. నాటకం అయిపోయిందని నాకు అర్థమైంది. మిగిలినదంతా గొడవ.

మా అత్తగారు గదిలోంచి తల బయటికి పెట్టారు. "ఒరే, అసలా నిచ్చెన..."

"నువ్వు కలగజేసుకోకమ్మా" అన్నారు మా ఆయన.

"మీరాగండి అత్తయ్యగారూ" అన్నాడు తమ్ముడు.

ఆవిడ తల లోపలికి తీసుకున్నారు. చీకట్లో మంచం కిర్రుమంది.

మా అమ్మాయి మొహం చూడాలి ఆ రోజు. నాన్నా మామయ్యా పోట్లాడుకుంటున్నందుకు బాధ, గొడవ దొరికినందుకు వెలుగు, వెలిగినందుకు సిగ్గు. మర్నాడే తన పుస్తకంలో "సంభాషణా నైపుణ్యాలు" అనే పాఠం తీసి, ఇద్దరినీ ఎదురెదురు కుర్చీల్లో కూర్చోబెట్టింది.

"నాన్నా, ముందు నువ్వు. 'నాకు బాధగా ఉంది, ఎందుకంటే' అని మొదలుపెట్టు. ఎదుటివాళ్లను నిందించకూడదు. 'నువ్వు' అనే మాట రాకూడదు."

మా ఆయన గొంతు సవరించుకున్నారు. "నాకు బాధగా ఉంది, ఎందుకంటే వీడు దొంగ."

"'వీడు' కూడా రాకూడదు."

"నాకు బాధగా ఉంది, ఎందుకంటే ఈ గదిలో ఒక దొంగ ఉన్నాడు."

"నాకూ బాధగానే ఉంది" అన్నాడు తమ్ముడు. "ఎందుకంటే ఆ దొంగ ఇప్పుడే మాట్లాడాడు."

పాఠంలో తర్వాతి మెట్టు, ఎదుటివాడు చెప్పింది మనకెలా అర్థమైందో తిరిగి చెప్పడం. అంతవరకు ఒకరినొకరు సగం సగం విన్నారు. మా అమ్మాయి పుణ్యమా అని ఆ రోజు పూర్తిగా విన్నారు. ఒక్క మాట పొల్లుపోకుండా అర్థం చేసుకుని, అంతకు రెట్టింపు కోపంతో లేచారు.

తర్వాత రాజీ మార్గం చెప్పింది. నిచ్చెన ఒక వారం నాన్న దగ్గర, ఒక వారం మామయ్య దగ్గర. ఇద్దరూ ఒప్పుకున్నారు. మొదటి వారం ఎవరిదన్న దగ్గర మళ్లీ మొదలైంది. ఆ సాయంత్రం తమ్ముడు నిచ్చెనను మెట్ల కటకటాలకు గొలుసుతో కట్టి తాళం వేశాడు. మా ఆయన అదే గొలుసుకు ఇంకో తాళం వేశారు. ఇక అది ఎవరిదైనా ఎవరికీ పనికిరాకుండా పోయింది.

మా అత్తగారి గది పాతకాలపు కట్టుబడి. కప్పు చాలా ఎత్తు. బల్లమీద కుర్చీ వేసి ఎక్కుతామంటే నేను ఒప్పుకోలేదు. నర్సింగ్ చదివే పిల్ల ఇంట్లో ఉంది గదా అని ఎముకలు విరగ్గొట్టుకుంటామా? ఆవిడ టార్చిలైటు పట్టుకుని తిరగడం మొదలుపెట్టారు. భోజనాల దగ్గర టార్చి మా ఆయన మొహంమీద వేసి, "ఒరే, నీదైనా సరే, వాడిదైనా సరే, ఎవరో ఒకరు ఎక్కండి. అసలా నిచ్చెన సంగతి..." అనేవారు.

"అమ్మా, ఇది బల్బు సంగతి కాదు" అనేవారు మా ఆయన, కళ్లు చిట్లిస్తూ.

తమ్ముడు పైకి రావడం మానేశాడు. క్యారేజీ మా అమ్మాయి తీసుకెళ్లి ఇచ్చేది. గిన్నెలు కడిగి పంపేవాడు. పుట్టి బుద్ధెరిగాక వాడు గిన్నె కడగడం నేనెరగను. ఆ మెరిసే గిన్నెలు చూస్తే నాకు మొదటిసారి భయం వేసింది.

ఇద్దరినీ విడివిడిగా పట్టుకుని అడిగాను. "పిల్లకు నిజం చెప్పి ఆపేయండి. మీరే కదా మొదలుపెట్టింది?"

"ఆపుదామనే ఉందోయ్" అన్నారు మా ఆయన. "కానీ నిచ్చెన నాదే కదా."

"ఆపుదామనే ఉందక్కా" అన్నాడు తమ్ముడు. "కానీ నిచ్చెన నాదే కదా."

గడువు దగ్గరపడింది. మా అమ్మాయి నాలుగో ప్రశ్నకు జవాబు రాసి నాకు చూపించింది. "మా నాన్నకూ మామయ్యకూ ఒక నిచ్చెన విషయంలో గొడవ వచ్చింది. పాఠంలో చెప్పినవన్నీ వరసగా చేశాను. గొడవ పెరిగింది. ఇప్పటికీ నడుస్తోంది."

"ఇలా రాస్తే పిలుస్తారటే?"

"జరిగింది అదే కదమ్మా." చెవులు మామూలుగానే ఉన్నాయి. ఆ జవాబుతోనే దరఖాస్తు పంపేసింది.

వాళ్లు పిలిచారు.

ఇంటర్వ్యూ రోజున పిల్లను స్కూటరుమీద తీసుకెళ్తానన్నారు మా ఆయన. నేను వెనకాల ఆటోలో బయల్దేరాను. చీకటి గదిలో ఒక్కదాన్నీ కూర్చోనని మా అత్తగారు కూడా ఎక్కారు, టార్చితో సహా. ఆసుపత్రి మేడమీద లిఫ్టు తలుపు తెరుచుకునేసరికి ఎదురుగా మా తమ్ముడు, చేతిలో స్క్రూడ్రైవరుతో.

"లిఫ్టు చూడ్డానికొచ్చాను" అన్నాడు.

"లిఫ్టు బాగానే ఉంది, అందులోనే వచ్చాం" అన్నారు అత్తగారు.

వరండాలో పొడుగాటి బెంచీ ఒకటి. ఎదురుగా ఇంటర్వ్యూ గది, దాని పక్కనే పసిపిల్లల వార్డు. గోడమీద నోటిమీద వేలు పెట్టుకున్న బొమ్మ. పెద్దమ్మలున్న అమ్మాయి ఒక మూల నిలబడి వాళ్ల గొడవను నోట్లోనే వల్లెవేసుకుంటోంది. మా అమ్మాయిని ముందే లోపలికి పిలిచారు. ఉక్కగా ఉండటం వల్ల కాబోలు తలుపు ఓరగా వదిలేశారు. టేబులు వెనక ఒక హెడ్ నర్సు, పక్కన శిక్షణ విభాగం నుంచి వచ్చిన ఒక బక్కపలచటాయన కనబడుతున్నారు.

మా ఆయన బెంచీకి ఈ చివర కూర్చున్నారు. తమ్ముడు ఆ చివర కూర్చున్నాడు. మధ్యలో నేనూ అత్తగారూ.

"కొందరు పనున్నా లేకపోయినా వస్తారు" అన్నారు మా ఆయన నాతో, ఆ చివరికి వినబడేట్టు.

"అత్తయ్యగారూ" అన్నాడు తమ్ముడు, "ఈ బెంచీ కూడా ఆయనదేనేమో కనుక్కోండి. లేచి నిలబడతాను."

"బెంచీకి కూడా తాళం వేసుకొమ్మను."

"మొదటి తాళం నాది. నా వస్తువుకు నేను వేసుకున్నాను."

"నెమ్మది" అన్నాను. విన్నదెవరు? మాట మాట పెరిగింది. గేటు రంగు, కిటికీ రంగు, దుకాణం బోర్డు మళ్లీ బయటికొచ్చాయి. ఇద్దరూ లేచి నిలబడ్డారు. ఎదుటి గదిలో హెడ్ నర్సు కాగితం చూసి అడగడం నాకు వినిపించింది. "గొడవ ఇంకా నడుస్తోందని రాశావు. ఇప్పటికీ నడుస్తోందా?"

"నడుస్తోందండీ" అంది మా అమ్మాయి నీరసంగా. "అదే, వినిపిస్తోంది కదా."

తలుపు పూర్తిగా తెరుచుకుంది. హెడ్ నర్సు గుమ్మంలో నిలబడింది. భారీ మనిషి. మెడలో గొలుసుకు వేలాడుతున్న కళ్లద్దాలు. ఆ హడావిడిలో కూడా మా ఆయన నావైపు వంగి, "ఆ ఫ్రేము మన దుకాణంలోదే" అన్నారు.

"నిచ్చెన వాళ్లు మీరేనా?" అందామె.

"నిచ్చెన నాదండీ" అన్నారిద్దరూ.

"ఇదంతా ఈయన వల్లే మేడమ్" అన్నాడు తమ్ముడు, రోషంలో ఒళ్లు మరిచి. "పిల్ల దరఖాస్తులో రాసుకోవడానికి ఉత్తుత్తి గొడవ పడదాం, దానికి తెలియకుండా కానిచ్చేద్దాం అన్నది ఈయనే."

"నిచ్చెన పేరు చెప్పింది నువ్వు కాదూ?"

మూల నిలబడ్డ అమ్మాయి వల్లెవేయడం ఆపేసింది. బక్కపలచటాయన కలం పట్టుకుని లేచి వచ్చాడు. "అంటే ఈ గొడవ అబద్ధమా?"

"అబద్ధమేమిటండీ?" మా ఆయనకు కోపం వచ్చింది. "మొదట్లో అబద్ధం. ఇప్పుడు నిజం."

"అచ్చమైన నిజం" అన్నాడు తమ్ముడు. ఎన్నో రోజుల తర్వాత ఇద్దరూ ఒక్క మాటమీదకొచ్చారు.

మా అమ్మాయి వాళ్ల వెనక నిలబడి ఉంది. చెవులు ఎర్రగా, జుట్టులోంచి కనబడేంత ఎర్రగా కందిపోయాయి. ఏ అబద్ధమూ చెప్పకుండా దాని చెవులు కందడం నేను అంతకు ముందు చూడలేదు. రెండో ఏడు కూడా నాలుగో ప్రశ్న దగ్గరే పోయిందనుకున్నాను. లేచి వాళ్లిద్దరికీ చెరోటీ తగిలిద్దామా అని కూడా అనుకున్నాను.

అప్పుడు వార్డులో ఒక పసిపిల్ల ఏడ్చింది. సన్నటి ఏడుపు, కీచుమన్నట్టు. దాన్ని విని ఇంకో పిల్ల. తర్వాత ఇంకోటి.

మా అమ్మాయి తల అటు తిరిగింది. మళ్లీ ఇటు తిరిగేసరికి మొహంలో పాఠం లేదు.

"నాన్నా, మామయ్యా. పిల్లలు లేచారు. బయటికి నడవండి."

"అది కాదే, ఎవరిదో తేలాలి..."

"బయటికి." గొంతు పెంచలేదు. తగ్గించింది. "ఎవరిదో నాకక్కర్లేదు. మెట్లమీంచి వెళ్లండి, లిఫ్టు చప్పుడు చేస్తుంది."

తమ్ముడు స్క్రూడ్రైవరు జేబులో పెట్టుకున్నాడు. ఒకరి వెనక ఒకరు, మునివేళ్లమీద, మెట్లు దిగిపోయారు. అత్తగారు కూడా లేచి, ఎందుకైనా మంచిదని వాళ్ల వెనకే వెళ్లారు. నేను కదల్లేదు. నన్నంటే నేనూ వెళ్లేదాన్నే.

మా అమ్మాయి లోపలివాళ్లవైపు తిరిగింది. "క్షమించండి. ముందే అనుకుని పడ్డ గొడవని నాకు తెలియదు. నాలుగో జవాబు కొట్టేయండి. నా దగ్గర ఇంకో గొడవ లేదు."

బక్కపలచటాయన కాగితం మీద కలం ఆనించాడు. హెడ్ నర్సు ఆయన చెయ్యి పట్టుకుని ఆపి, వార్డువైపు చెవి పెట్టింది. ఏడుపులు ఒకదాని తర్వాత ఒకటి సద్దుమణుగుతున్నాయి.

"మీ ఇంట్లో నీ మాట ఎప్పుడూ ఇలాగే వింటారా?" అని అడిగింది.

"ఎప్పుడూ వినలేదండీ. ఇదే మొదటిసారి."

"ఇక్కడికొచ్చే చుట్టాలు కూడా మన మాట వినడం ఎప్పుడూ మొదటిసారే" అంటూ ఆమె మా అమ్మాయిని లోపలికి నడిపించి తలుపు వేసింది. ఈసారి పూర్తిగా వేసింది.

నేను కిందికి దిగాను. వాహనాలు నిలిపే చోట ఎండ మండిపోతోంది. రేకుల పంచ కింద ఉన్నది ఒక్క చాప వెడల్పు నీడ. అందులో బావా బావమరుదులిద్దరూ ఎడమొహం పెడమొహంగా, భుజాలు తగులుకుంటూ నిలబడి ఉన్నారు. అత్తగారు వాళ్ల ముందు నిలబడి, పట్టపగలు టార్చి వెలిగించి మొహాలమీద వేస్తున్నారు.

"ఇప్పుడైనా చెప్పనిస్తారా?" అన్నారావిడ. "ఆ నిచ్చెన రంగులు వేసినతనిది. ఇంటికి ఆకుపచ్చ రంగు వేసిన ఏడు పని అయ్యాక మరిచిపోయి వెళ్లాడు. మళ్లీ వచ్చి తీసుకెళ్తాడులే అనుకున్నాను."

ఇల్లు ఒకప్పుడు ఆకుపచ్చగా ఉండేదని నాకూ అప్పుడే గుర్తొచ్చింది.

అత్తగారు టార్చి ఆర్పేశారు.

"బోర్డుకి కొన్నాననుకున్నానే" అన్నారు మా ఆయన గొణుగుతూ.

"ఎందుకు చెప్పలేదు అత్తయ్యగారూ?"

"చెప్పనిచ్చారా?"

తమ్ముడు నెమ్మదిగా మా ఆయనవైపు తిరిగాడు. "బావా. అది పరాయివాడి సొత్తు. మనం రెండు తాళాలేసి మరీ దాచుకున్నాం."

"నాకు బాధగా ఉందిరా" అన్నారు మా ఆయన, "ఎందుకంటే ఈ నీడలో ఇద్దరు దొంగలున్నారు."

తమ్ముడు నవ్వు ఆపుకోబోయి ఆపుకోలేకపోయాడు. మళ్లీ "బావా" అన్న పిలుపు వినబడ్డందుకు నాకు కళ్లు చెమర్చాయి. కానీ దానికి ఎండే కారణమని చెప్పాను.

ఇంటర్వ్యూ ముగించుకుని మా అమ్మాయి దిగివచ్చింది. స్కూటరు దగ్గరకెళ్లి నిలబడింది. మా ఆయన తాళంచెవి తమ్ముడి చేతిలో పెట్టి, "నువ్వే తీసుకెళ్లు" అన్నారు. "వద్దు బావా, నువ్వే" అన్నాడు వాడు. మా అమ్మాయి ఇద్దరినీ చూసి, వచ్చి నా ఆటో ఎక్కింది.

కబురు రావడానికి కొన్ని రోజులు పట్టింది. ఆ కొన్ని రోజులూ ఇంట్లో మగవాళ్లిద్దరూ చెప్పకుండానే గిన్నెలు కడిగారు. ఫోను మోగినప్పుడు మా అమ్మాయి వంటింట్లో ఉంది. "అవునండీ... పసిపిల్లల వార్డేనాండీ?... వస్తానండీ" అంది. తర్వాత కాసేపు విని, "నిచ్చెన సంగతి కనుక్కుని చెప్తానండీ" అని పెట్టేసింది. ఫోను పట్టుకుని అలాగే గోడకానుకుని నిలబడిపోయింది. మా అత్తగారు టార్చి దాని మొహంమీద వేసి చూసి, "వచ్చినట్టే ఉంది" అన్నారు.

మా అమ్మాయి డ్యూటీలో చేరే రోజు పొద్దున రంగులతను దొరికాడు. బావా బావమరుదులిద్దరూ ఊరంతా గాలించి, క్షమాపణ చెప్పుకోవడానికి ఇంటికి పిలుచుకొచ్చారు. ముసలాయన. రెండు తాళాలూ తీసి, నిచ్చెన ఆయన ముందు పెట్టి, ఇద్దరూ చేతులు కట్టుకుని నిలబడ్డారు. అత్తగారు సందు చూసుకుని, "బాబూ, తీసుకెళ్లే ముందు ఆ బల్బు ఒక్కటి మార్చిపెట్టవూ?" అన్నారు. ఆయన ఎక్కి మార్చాడు. గది వెలిగింది. కప్పు నిండా బూజు కనబడింది.

ఆయన దిగి, నిచ్చెనను పైనుంచి కిందిదాకా తడిమి చూశాడు.

"రంగు నాదేనండీ" అన్నాడు. "నిచ్చెన నాది కాదు. నేనొచ్చేసరికే మీ మెట్ల కింద ఉంది. మీదే కదా అని వాడుకున్నాను."

మా ఆయన తమ్ముడివైపు చూశారు. తమ్ముడు మా ఆయనవైపు చూశాడు. ఇద్దరి కళ్లలోనూ ఒకేసారి ఏదో వెలిగింది.

"చెప్పానా బావా..." అని మొదలుపెట్టాడు తమ్ముడు.

గుమ్మం దగ్గర కూర్చుని బూట్ల లేసులు కట్టుకుంటున్న మా అమ్మాయి తలెత్తలేదు.

"బయటికి" అంది.

ఒకరు ఆ కొసా ఒకరు ఈ కొసా పట్టుకుని, నిచ్చెనతో సహా వెళ్లిపోయారు.